చీజ్ పుట్టే కొండల్లో మూడు రాత్రులు: బెజవాడ, గుంటూరు నుంచి గ్రూయేర్ ప్రయాణానికి మార్గదర్శి

స్విట్జర్లాండ్ వాళ్ల గ్రూయేర్ చీజ్ పొద్దున పూటే తయారవుతుంది. విమానం, హోటలు, రైలు అన్నీ ఈ ఒక్క సంగతిని బట్టే కుదుర్చుకోవాలి. నిన్న సాయంత్రం పితికిన పాలు, ఈ పొద్దున పితికిన పాలు కలిపి రాగి గంగాళంలో పోస్తారు. అవి కాచని పచ్చిపాలు. పితికిన 18 గంటల్లోపు చీజ్ పని మొదలుపెట్టాలన్నది అక్కడి నియమం. అందుకే పొద్దున మొదలైన పని మధ్యాహ్నానికల్లా ముగుస్తుంది. జెనీవాలోనో జూరిక్‌లోనో పడుకుని, తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం రెండింటికి చేరతారు. కడిగేసిన గంగాళాలు చూసి, కొట్లో ఒక ముక్క కొనుక్కుని తిరిగి రావాల్సి వస్తుంది. ముందు రాత్రే గ్రూయేర్ లోయలో పడుకోవడం ఒక్కటే దీనికి మందు.

ముందుగా పేర్ల తికమక తేల్చుకుందాం. గ్రూయేర్ అంటే స్విట్జర్లాండ్ పడమటి వైపు ఫ్రిబూర్ రాష్ట్రంలో ఒక జిల్లా, ఆ జిల్లాలో కొండ మీద కోట ఉన్న ఒక చిన్న ఊరు, చీజ్ కూడా. జిల్లా కేంద్రం బుల్. రైల్వే స్టేషన్, దాని ఎదురుగా ఉన్న చీజ్ కేంద్రం 'మేజోఁ ద్యు గ్రూయేర్' రెండూ కొండ కింద ప్రాంజీ అనే పల్లెలో ఉంటాయి. కోట ఊరికి అక్కణ్ణుంచి పైకి ఎక్కాలి. రైలు యాప్‌లో వెతికేటప్పుడు ఊరి పేరు చివర 'ఎస్' ఉన్నదాన్నే ఎంచుకోండి, అదే స్టేషన్ పేరు. ఇంకో మాట, సినిమాల్లో పెద్ద పెద్ద కన్నాలతో కనిపించే చీజ్ ఇది కాదు. అది ఎమెంటాల్. స్విస్ గ్రూయేర్ నిండుగా ఉంటుంది, కన్నాలు ఉన్నా బఠాణీ గింజకి మించవు.

ఎప్పుడు వెళ్లాలి

ప్రాంజీలోని కేంద్రం ఏడాది పొడుగునా నడుస్తుంది. అసలు అందం మాత్రం కొండ మీద ఉంది. వేసవిలో ఆవుల్ని పై మేతబీళ్లకు తోలుకెళ్లి, అక్కడే కట్టెల పొయ్యి మీద చీజ్ చేస్తారు. దాన్ని 'గ్రూయేర్ దాల్పాజ్' అంటారు. మొలెజాన్ అనే కొండ పల్లెలో 17వ శతాబ్దపు చెక్కపెంకుల ఇంట్లో ఈ పద్ధతిని సందర్శకులకు చూపిస్తారు. అది మే నుంచి సెప్టెంబరు దాకానే.

బడి పిల్లలున్న ఇళ్లకు జూన్ మొదటి వారం కుదురుతుంది. మన బడులు తెరిచేలోపు వచ్చెయ్యొచ్చు, అక్కడ పచ్చిక అప్పుడే ఏపుగా ఉంటుంది. పిల్లల చదువుల బెంగ లేనివాళ్లకు సెప్టెంబరే మేలు. సెప్టెంబరు చివరి శనివారం షార్మే ఊళ్లో ఆవుల్ని కొండ దింపే పండుగ జరుగుతుంది. తలల మీద పూలగుత్తులు, మెడలో పెద్ద గంటలతో ఆవులు వీధి వెంట నడిచివస్తుంటే మనకు కనుమ గుర్తొస్తుంది. ఆ శనివారానికి గదులు చాలా ముందే నిండిపోతాయి.

వీసా: ఎవరి దగ్గర అడగాలి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేదు, కానీ ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో ఉంది. కాబట్టి షెంగెన్ వీసా సరిపోతుంది. దరఖాస్తు మాత్రం మీరు ఎక్కువ రోజులు ఉండే దేశానికే పెట్టాలి. జర్మనీలో కూతురి దగ్గర 15 రోజులు, గ్రూయేర్‌లో 3 రోజులు అయితే జర్మనీకి. ఉత్త స్విట్జర్లాండ్ అయితే స్విస్ వాళ్లకు. రెండు దేశాల్లో సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి. స్విస్ వీసా అపాయింట్‌మెంట్ త్వరగా దొరికిందని అక్కడ పెట్టి, హోటల్ బుకింగుల్లో జర్మనీ రోజులు ఎక్కువ చూపిస్తే తిరస్కరించడానికి మీరే కారణం అందించినట్టు.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం 15 రోజుల ముందు పెట్టాలన్నది నియమం, కానీ వేసవి ప్రయాణానికి మూడు నెలల ముందే పెట్టడం మంచిది. జూన్‌లో వెళ్లాలంటే ఫిబ్రవరిలోనే హైదరాబాద్ వీసా కేంద్రంలో అపాయింట్‌మెంట్ చూసుకోండి. వేలిముద్రలకు స్వయంగా వెళ్లాలి. గత 59 నెలల్లో షెంగెన్‌కు ఇచ్చి ఉంటే మామూలుగా మళ్లీ అడగరు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, అంతకన్నా చిన్నవాళ్లకు లేదు. వీసా కేంద్రం సేవారుసుము అదనం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై, షెంగెన్ విడిచే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఖర్చులకు రోజుకు మనిషికి సుమారు 100 స్విస్ ఫ్రాంకుల లెక్కన చూపించగలగాలి. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేస్తే అది అనుమానానికి తావిస్తుంది. ధాన్యమో మిర్చో అమ్మిన డబ్బయితే ఆ రసీదులు జతచేయండి.

విమానం, రైలు

హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా జెనీవా వెళ్లొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా జూరిక్ కూడా ఒక దారే. జెనీవా నుంచి గ్రూయేర్‌కు రైల్లో సుమారు 2 గంటలు, జూరిక్ నుంచి రెండున్నర గంటలు. మధ్యాహ్నం జెనీవాలో దిగే విమానం తీసుకుంటే చీకటి పడకముందే బుల్ చేరిపోతారు. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. అంటే మొదటి రెండు రోజులూ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. వేరే ప్రయాణాల్లో అది ఇబ్బంది. పొద్దున్నే గంగాళం దగ్గరుండాల్సిన ఈ ప్రయాణంలో మాత్రం కలిసొస్తుంది.

శంషాబాద్‌కు కారులో వెళ్లే బెజవాడ వాళ్లు నగరంలోకి పోకుండా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చాలు. గుంటూరు వాళ్లు బెజవాడ రాకుండా పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా నార్కెట్‌పల్లి దగ్గర హైవే కలవొచ్చు. తెల్లవారుజాము విమానమైతే సాయంత్రం నాలుగింటికల్లా బయల్దేరండి.

స్విస్ రైళ్లకు రెండు దారులున్నాయి. విదేశీయులకిచ్చే స్విస్ ట్రావెల్ పాస్ వరసగా 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. రైళ్లు, బస్సులు చాలావరకు అందులోనే వస్తాయి. తల్లిదండ్రుల పాస్‌తో పాటు ఫ్యామిలీ కార్డు అడిగితే 16 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. రెండోది, టికెట్ల మీద సగం ధర తగ్గించే హాఫ్ ఫేర్ కార్డు. జెనీవా నుంచి వచ్చి, బుల్ చుట్టుపక్కలే తిరిగి, మళ్లీ జెనీవాకే వెళ్లేవాళ్లకు పాస్ దండగ అయ్యే అవకాశం ఎక్కువ. మీరు చేసే ప్రయాణాల మామూలు ఛార్జీలు రైల్వే యాప్‌లో ఒక్కొక్కటే చూసి కూడండి. అందులో సగానికి కార్డు ధర కలిపి, వచ్చిన మొత్తాన్ని పాస్ ధరతో పోల్చండి. పది నిమిషాల పని.

జెనీవా నుంచి మామూలుగా పలేజియోలోనో రొమోఁలోనో మారాలి. మారడానికి ఐదారు నిమిషాలే ఉంటాయి, రైలు ఎవరికోసమూ ఆగదు. పెద్ద పెట్టెలు రెండు కాకుండా మనిషికో చిన్న పెట్టె తీసుకోవడం ఇందుకే. లోయలో తిరిగే చిన్న రైళ్లు కొన్ని స్టేషన్లలో బటన్ నొక్కితేనే ఆగుతాయి.

ఫోన్ సంగతి: ఐరోపా సమాఖ్య దేశాల్లో పనిచేసే సిమ్‌లు చాలావాటికి స్విట్జర్లాండ్ వర్తించదు. జర్మనీలో కొన్న సిమ్ సరిహద్దు దాటగానే ఆగిపోవచ్చు, లేదా బిల్లు భారీగా రావొచ్చు. కొనేముందే అడగండి. డబ్బు యూరో కాదు, ఫ్రాంకు. ఫారెక్స్ కార్డులో ఫ్రాంకులే వేయించుకోండి.

ఎక్కడ బస

బుల్‌లో ఉండండి. సూపర్ బజార్లు ఉన్నాయి, నాలుగు దిక్కులకూ రైళ్లు, బస్సులు అక్కణ్ణుంచే. గ్రూయేర్ స్టేషన్ పది నిమిషాలు. గురువారం పొద్దున సంత జరుగుతుంది, వీలైతే ఆ రోజు కలిసేలా చూసుకోండి. కోట ఊళ్లో బస చేస్తే సాయంత్రం సందర్శకులు వెళ్లిపోయాక ఊరంతా మీదే. కానీ లోపలికి కార్లు రావు, రాళ్లు పరిచిన ఎత్తు దారిలో పెట్టె లాక్కెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అది వద్దు. శాకాహారులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సగం కష్టాలు తీరతాయి.

ఆదివారం కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారం సాయంత్రమే బియ్యం, కూరలు, పాలు తెచ్చుకోండి.

పెట్టెలో ఏం ఉండకూడదు

మన దేశం నుంచి పాలు, మాంసం, గుడ్లు, తేనెతో చేసినవి స్విట్జర్లాండ్‌లోకి తీసుకుపోకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, నెయ్యి రాసిన పూతరేకులు, సున్నుండలు అన్నీ ఇంట్లోనే ఉంచాలి. పచ్చి కరివేపాకు, నూజివీడు రసాలు కూడా కుదరవు. తాజా ఆకులకు, పళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కందిపొడి, కారప్పొడి, నూనెలో ఊరిన ఆవకాయ, గోంగూర పట్టుకెళ్లండి. పచ్చడి సీసా క్యాబిన్ సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి.

జూలైలో కూడా పొద్దున పూట కొండ మీద చలి ఉంటుంది, చీజ్ మాగబెట్టే గదులు ఎప్పుడూ చల్లగా, చెమ్మగా ఉంటాయి. బెజవాడలో మే నెలలో స్వెట్టర్ వెతుక్కోవడం కష్టం. చలికాలంలో రోడ్డు పక్కన అమ్మేటప్పుడే కొనిపెట్టుకోండి. ప్లగ్గు విషయంలో మన రెండు పిన్నుల సన్న ఛార్జర్లు అక్కడ పడతాయి. మూడు పిన్నులవి పట్టవు.

గంగాళం దగ్గర ఏం చూడాలి

మొదటి పొద్దున వాన ఉంటే ప్రాంజీ, ఎండ ఉంటే మొలెజాన్. ఇది ముందుగా తేదీ వేసి బిగించుకోకండి, రాత్రి వాతావరణం చూసి తేల్చుకోండి. ప్రాంజీలో అంతా లోపలే, వానతో పనిలేదు.

ప్రాంజీ కేంద్రంలో రోజూ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 12:30 లోపు, కాలాన్ని బట్టి రెండు నుంచి నాలుగు సార్లు చీజ్ చేస్తారు. పైన అద్దాల గ్యాలరీ నుంచి చూడాలి. మొదటి గంగాళం నింపే వేళ ముందురోజే కనుక్కుని అప్పటికి చేరండి. ఒక్కో గంగాళంలో 4,800 లీటర్లు పడతాయి. 400 లీటర్లకు ఒక 35 కిలోల గుండ్రటి చీజ్ దిమ్మ, అంటే చక్రం, లెక్కన పన్నెండు చక్రాలు.

పాలు 32 డిగ్రీల దగ్గర ఉండగా, వాటిని గడ్డకట్టించే రెన్నెట్ కలుపుతారు. ఆపైన 35, 40 నిమిషాలు ఏమీ జరగదు. చాలామంది ఇక్కడే విసుగెత్తి వెళ్లిపోతారు. ఆ అరగంటలో మాగబెట్టే గది చూసి రండి. అందులో 7,000 చక్రాల దాకా పడతాయి, ఒక రోబో అరల మధ్య తిరుగుతూ చక్రాలను ఒక్కొక్కటే బయటికి లాగి, ఉప్పునీళ్లతో రుద్ది, తిరగేసి పెడుతుంది. అక్కడ ముక్కుకి ఘాటుగా తగిలేది అమ్మోనియా. చీజ్ పైపెచ్చు మీద పెరిగే సూక్ష్మజీవుల పని అది, ఏదీ పాడైందని కాదు.

తిరిగి వచ్చేసరికి పాలు జున్నులా గట్టిపడి ఉంటాయి. ఇక కళ్లు తిప్పకండి. తీగలు బిగించిన చట్రాలు గంగాళంలో తిరగడం మొదలవుతుంది. జున్ను గడ్డ మొదట పలకలుగా, తర్వాత ముక్కలుగా, చివరికి గోధుమ గింజంత రవ్వగా విడిపోతుంది. పచ్చటి తేట పైకి తేలుతుంది. ఎంత చిన్న గింజ అయితే అంత తేట బయటికి పోతుంది, చీజ్ అంత గట్టిగా, అంత కాలం నిలుస్తుంది. తర్వాత కలుపుతూనే 57 డిగ్రీల దాకా వేడి చేస్తారు, అదో 40, 45 నిమిషాలు. ఈ మధ్యలో చీజ్ మేస్త్రి చెయ్యి ముంచి గుప్పెడు రవ్వ తీసి పిడికిట్లో నొక్కుతాడు. పిడికిలి తెరిచాక ముద్ద నిలవాలి, వేలితో రుద్దితే మళ్లీ గింజలుగా విడిపోవాలి. అలా విడిపోతేనే దించుతారు. యంత్రాలు ఎన్ని ఉన్నా ఆ నిర్ణయం ఇంకా అరచేతిదే. ఆపైన గంగాళం మొత్తం కొద్ది నిమిషాల్లో అచ్చుల్లోకి పోతుంది. అది కూడా తప్పకుండా చూడండి. అచ్చులో సుమారు 20 గంటలు బరువు కింద నొక్కి, ఒక రోజు ఉప్పునీళ్ల తొట్టిలో ఉంచి, గదికి పంపుతారు. కనీసం 5 నెలలు మాగాలి, కొన్ని 18 నెలలు, ఆపైన కూడా.

ఆవులకు పచ్చిక, ఎండుగడ్డే పెట్టాలి, పాతర గడ్డి నిషేధం. ఎందుకంటే పులిసిన గడ్డిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పాలలోకి చేరితే, నెలల తర్వాత చక్రం లోపల వాయువు పుట్టి ఉబ్బి పగులుతుంది. పాలు కాచరు కాబట్టి జాగ్రత్త మేత దగ్గరే మొదలవ్వాలి. పాలిచ్చే రైతులు కూడా కేంద్రానికి 20 కిలోమీటర్ల లోపు వాళ్లే అయి ఉండాలి. 2001లో ఈ నియమాలన్నిటికీ చట్టరక్షణ వచ్చింది.

టికెట్‌తో పాటు వేర్వేరు వయసుల చీజ్ ముక్కలు ఇస్తారు. గబుక్కున తినెయ్యకుండా, అన్నిటికన్నా లేతది ముందు, ముదురుది చివర తినండి. లేతదానిలో పాల తీపి, ముదిరేకొద్దీ ఉప్పదనం, పళ్ల కింద ఇసుకలా తగిలే చిన్న పలుకులు. ఆ పలుకులు మాగడంలో ఏర్పడినవే, ఉప్పు రాళ్లు కావు.

మొలెజాన్‌లో ప్రదర్శన ఉదయం 10 గంటలకు. ముందే సీటు చెప్పుకోవాలి. గ్రూయేర్ నుంచి బస్సు ఉంది, సరిగ్గా ప్రదర్శన వేళకు చేరే బస్సు కాకుండా దాని ముందు బస్సులోనే వెళ్లండి. ఇక్కడ రోబోలు లేవు. నిప్పు మీద వేలాడే ఒకే గంగాళం, పొగ చూరిన దూలాలు. వంచిన పలుచని పట్టీకి గుడ్డ చుట్టి, గంగాళం అడుగు నుంచి జున్ను రవ్వనంతా ఒక్క ఊపున మూటగా ఎత్తుతారు. ప్రాంజీలో గొట్టాలు చేసే పనిని ఇక్కడ రెండు చేతులు చేస్తాయి. రెంటిలో ఒకటే చూసే వీలుంటే దీన్నే ఎంచుకోండి. మధ్యాహ్నం అక్కణ్ణుంచి తాడు రైలు, ఆపైన కేబుల్ కారు ఎక్కి 2,002 మీటర్ల శిఖరానికి వెళ్లొచ్చు. ఓపికున్నవాళ్లు మొలెజాన్ నుంచి ప్రాంజీకి చీజ్ బాట వెంట సుమారు రెండు గంటలు నడిచి దిగొచ్చు. సాయంత్రం బస్సులు త్వరగా ఆగిపోతాయి, చివరిది ఎప్పుడో ఎక్కేముందే చూసుకోండి.

మిగిలిన మధ్యాహ్నం కోట ఊరికి, ఇంకోటి బ్రోక్‌లోని కైయే చాక్లెట్ ఫ్యాక్టరీకి. బుల్ నుంచి రైలుంది, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో వేళతో సహా తీసుకోండి.

శాకాహారులకు ఒక ముఖ్యమైన మాట

గ్రూయేర్‌లో వాడే రెన్నెట్ లేగదూడ పొట్ట నుంచి తీసినది. నియమం ప్రకారమే అంతే, వేరే రకం ఉండదు. ఇది తెలియకుండా తిని తర్వాత బాధపడేకన్నా ముందే నిర్ణయించుకోవడం మంచిది. ఇంట్లో పెద్దవాళ్లకు దాచకుండా చెప్పండి. వద్దనుకునేవాళ్లకూ లోయలో తినదగ్గది ఉంది: గ్రూయేర్ డబుల్ క్రీమ్. కనీసం 45 శాతం కొవ్వున్న చిక్కటి మీగడ, అందులో రెన్నెట్ ఉండదు. దాన్ని మెరాంగ్ అనే తెల్లటి బిస్కెట్‌తో ఇస్తారు. ఆ బిస్కెట్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది, కాబట్టి పళ్లతో అడగండి.

చీజ్ తినేవాళ్లకు ఫాండూ, అంటే బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినే కరిగించిన చీజ్. మామూలుగా ఇచ్చే సగం-సగం ఫాండూలో గ్రూయేర్, వాషెరాఁ చీజ్‌లతో పాటు వైన్, కిర్ష్ అనే సారా కలుస్తాయి. మద్యం ముట్టనివాళ్లు అచ్చంగా వాషెరాఁతో చేసిన ఫాండూ అడగాలి. దాన్ని సంప్రదాయంగా వైన్ లేకుండా నీళ్లతో, సన్నని సెగ మీద చేస్తారు. అయినా ఆర్డరిచ్చేటప్పుడు ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి. చాలాచోట్ల ఇద్దరికి తక్కువ ఇవ్వరు. మనిషికి 200 గ్రాములకు పైగా చీజ్ ఉంటుంది, కాబట్టి రాత్రి కాకుండా మధ్యాహ్నమే తినండి. మాకరోనీ, ఆలుగడ్డ వంటకాల్లో పంది మాంసం ముక్కలు కలవడం మామూలే. 'సాఁ వియాఁద్, సాఁ లార్' అంటే మాంసం లేకుండా, పంది కొవ్వు లేకుండా అని. ఆ రెండు మాటలూ కాగితం మీద ఫ్రెంచిలో రాయించుకుని చూపించండి.

కొనడం, తేవడం

చివరి రోజు కొనండి. మనిషికి అరకిలోకి మించి వద్దు. 'సూ వీద్' అంటే గాలి తీసి ప్యాక్ చేసిస్తారు. పైపెచ్చుతో ఉన్న ముక్క తీసుకోండి, తురుము ప్యాకెట్ వద్దు. పాల పదార్థాలపై మన కస్టమ్స్ నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు చూసుకోండి. క్రీమ్, మెత్తటి చీజ్ క్యాబిన్ సంచిలో పెడితే ద్రవాల కింద లెక్కేసి తీసేస్తారు. గ్రూయేర్‌ను బట్టల మధ్య చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.

శంషాబాద్ నుంచి ఇంటికి ఐదారు గంటల దారి ఉందిగా. ఎండల్లో కారు డిక్కీలో ఉంచితే కొవ్వు కరిగి ప్యాకెట్‌లో నూనె తేలుతుంది. ఏసీ ఉన్న వైపు కాళ్ల దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ప్యాకెట్ విప్పాక ప్లాస్టిక్ చుట్టకండి, చెమ్మ పట్టి బూజు వస్తుంది. బటర్ పేపర్‌లో చుట్టి, మూతడబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. పైన కొద్దిగా బూజు కనిపిస్తే కనీసం ఒక అంగుళం లోతున కోసేసి మిగతాది వాడుకోవచ్చు. అక్కడ తినడానికి గంట ముందు బయట పెట్టమంటారు. మన వేసవిలో పావుగంట చాలు.